తొందర పిల్లల దగ్గర, ఆలస్యం పెద్దల దగ్గర

జూబ్లీ బస్‌స్టేషన్ దగ్గర రాజీవ్ రహదారి పట్టుకుని తిరుమలగిరి వైపు వెళ్తే దారిలో కార్ఖానా వస్తుంది. సికింద్రాబాద్ కంటోన్మెంటులో రద్దీ ప్రాంతం. ఇంకాస్త ముందుకు పోతే ఏఓసీ సెంటర్, మిలటరీ ఆసుపత్రి. ఏఓసీ సెంటర్‌లో సైనిక భర్తీ ర్యాలీ పడిందంటే జిల్లాల నుంచి కుర్రాళ్లు బ్యాగులు తగిలించుకుని దిగుతారు. పరుగు నెగ్గి, బీము లాగి, ఛాతీ కొలత దాటి, చివరికి వైద్య పరీక్షలో బట్టలు విప్పి నిలబడ్డప్పుడు కొందరు జీవితంలో మొదటిసారి ‘ఫైమోసిస్’ అనే మాట వింటారు. పురుషాంగం కొసను కప్పి ఉండే ముందోలు బిగుసుకుని వెనక్కి రాకపోవడాన్ని అలా అంటారు. అప్పటిదాకా ఇంట్లో నాన్న గానీ, బడిలో మాస్టారు గానీ, ఊళ్లో ఆరెంపీ డాక్టరు గానీ ఆ ఊసే ఎత్తి ఉండరు.

సాయుధ దళాల వైద్య ప్రమాణాల్లో దీని గురించి ఉన్న నిబంధన చిన్నదే అయినా చాలామంది డాక్టర్ల చీటీల కన్నా తెలివైనది. ముందోలు బిగుతుగా ఉంటే చాలు, పనికిరాడు అని అందులో లేదు. ఆ బిగుతు వల్ల శుభ్రత కుదరకపోయినా, మూత్ర విసర్జనకు అడ్డం వచ్చినా, తోలు తెల్లగా గట్టిపడే ఒక ప్రత్యేకమైన చర్మవ్యాధి తోడైనా అప్పుడు అనర్హుడు. ఆపరేషన్ చేయించుకుంటే నాలుగు వారాల తర్వాత, పుండు పూర్తిగా మాని, ఆ వ్యాధి లేదని తేలితే అర్హుడే. అంటే చూడాల్సింది తోలు ఎంత ఇరుకుగా ఉందన్నది కాదు, ఆ ఇరుకు మనిషిని ఏం చేస్తోందన్నది. ర్యాలీ తేదీ రాగానే భయపడి, ఏ ఇబ్బందీ లేకుండానే ముందుజాగ్రత్తగా కోయించుకునే కుర్రాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పరు. కోయించుకున్నాక ర్యాలీకి నాలుగు వారాలు లేవని లెక్క చూసుకుని ఏడ్చేవాళ్లకూ ముందుగా చెప్పేవారుండరు.

ఈ విషయంలో మన దగ్గర రెండు తప్పులు పక్కపక్కనే జరుగుతున్నాయి. ఏమీ చేయక్కర్లేని పసిపిల్లల దగ్గర తొందరపడతాం. తప్పకుండా చూపించుకోవాల్సిన పెద్దల దగ్గర ఏళ్ల తరబడి నాన్చుతాం.

పిల్లల సంగతి ముందు. పుట్టిన మగబిడ్డకు ముందోలు వెనక్కి రాదు, రాకూడదు కూడా. లోపలి పొర మణికి, అంటే అంగం కొసకు, వేలికి గోరు అతుక్కున్నట్టు అతుక్కునే పుడుతుంది. రెండింటి మధ్య కణాలు రాలిపోతూ, అప్పుడప్పుడూ అంగం గట్టిపడుతూ, కొన్నేళ్ల మీద ఆ పొరలు వాటంతటవే విడివడతాయి. తోలు చివర ఉండే ఇరుకు కూడా వయసుతో వదులవుతుంది. దీన్ని సహజమైన బిగుతు అంటారు. ఇది జబ్బు కాదు, ఎదుగుదలలో ఒక దశ.

ఎంత కాలం పడుతుందన్న ప్రశ్నకు వైద్యం చెప్పిన జవాబు మారుతూ వచ్చింది. 1949లో ఇంగ్లండు పిల్లల డాక్టరు డగ్లస్ గైర్డ్‌నర్ పసిపిల్లల్ని స్వయంగా పరీక్షించి ఒక వ్యాసం రాశాడు. పుట్టినప్పుడు నూటికి నలుగురికే తోలు పూర్తిగా వెనక్కి వస్తుందనీ, ఏడాది నిండేసరికి సగం మందికి, మూడేళ్లకు తొంభై మందికి వస్తుందనీ తేల్చాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో సున్తీ ఆపరేషన్ల వల్ల ఏటా 16 మంది దాకా చిన్నపిల్లలు చనిపోతున్నారన్న లెక్క కూడా ఆ వ్యాసంలోనే ఉంది. అవసరం లేని కోత తగ్గడానికి అది బాగా పనికొచ్చింది. అయితే అతని అంకెల్లో ఒక మెలిక ఉంది. అతుక్కుని ఉన్నచోట సన్నటి కడ్డీతో విడదీసి చూశాడు కనుక, ప్రకృతి తీసుకునే సమయం అసలుకంటే తక్కువగా కనబడింది. దాంతో ‘మూడేళ్లు నిండినా రాలేదంటే తేడా ఉన్నట్టే’ అనే నమ్మకం డాక్టర్ల తలల్లో తిష్ఠ వేసింది. ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు.

దాన్ని సరిదిద్దింది డెన్మార్క్ బడి డాక్టరు యాకోబ్ ఊస్టర్. బడిపిల్లల్ని ఏళ్ల తరబడి, ఎవరి తోలూ బలవంతంగా లాగకుండా గమనించి 1968లో ఫలితాలు ప్రచురించాడు. ఆరేడేళ్ల పిల్లల్లో నూటికి ఎనిమిది మందికి బిగుతు ఉంది, 63 మందికి ఇంకా ఎక్కడో ఒకచోట అతుకు ఉంది. పదహారు, పదిహేడేళ్లకు వచ్చేసరికి బిగుతు ఒక్క శాతానికి, అతుకు మూడు శాతానికి పడిపోయాయి. ఎవరూ ఏమీ చేయకుండానే. 1996లో జపాన్‌లో కయాబా బృందం 603 మంది పిల్లల్ని చూస్తే, 11 నుంచి 15 ఏళ్ల వాళ్లలోనూ పూర్తిగా వెనక్కి వచ్చింది 63 శాతం మందికే. మిగతావాళ్లు రోగులు కారు, వాళ్ల శరీరం ఇంకా ఆ పనిలోనే ఉంది. ఏడేళ్ల పిల్లాణ్ని ‘వీడికి వెనక్కి రావట్లేదు డాక్టర్’ అని కంగారుగా తీసుకొచ్చే తల్లిదండ్రులకు ఈ అంకెలు రాసి చేతిలో పెట్టాలనిపిస్తుంది.

ఇక మన ఇళ్లలో జరిగే పని. బిడ్డను కాళ్ల మీద వేసుకుని నూనె మర్దన చేసి నీళ్లు పోసేటప్పుడు అమ్మమ్మో, స్నానం పోయడానికి వచ్చే ఆవిడో రెండు వేళ్లతో తోలు పట్టుకుని వెనక్కి గుంజుతుంది. “నూనె రాసి రోజింత ఎనక్కి గుంజాలె బిడ్డా, లేకుంటే అట్లనే అతుక్కపోతది” అని కూతురికి నేర్పుతుంది. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే స్నానానికి ఏడుస్తున్నాడనుకుంటారు. కొందరు డాక్టర్లు కూడా ‘రోజూ కొంచెం వెనక్కి లాగమ్మా’ అని పురమాయిస్తారు. గుంజినప్పుడల్లా ఇంకా విడివడని పొర చిరుగుతుంది. చివరి అంచులో సన్నటి పగుళ్లు వస్తాయి. పగుళ్లు మానేటప్పుడు మచ్చ కడుతుంది. మచ్చకు సాగే గుణం ఉండదు. అలా ఏ బిగుతు రాకూడదని రోజూ గుంజారో, అదే బిగుతు ఆ గుంజుడు వల్లే వచ్చి కూర్చుంటుంది. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు చిన్న రోగాల జాబితాలో ముందోలు చిరగడాన్ని ‘అవపాటిక’ పేరుతో విడిగా లెక్కగట్టి, దాని కారణాల్లో తోలును బలవంతంగా వెనక్కి తిప్పడాన్నీ చేర్చాడు. అంత పాత హెచ్చరిక ఇంకా స్నానాల గదిదాకా చేరలేదు.

ఈ వయసులో శుభ్రత అంటే పైపైన గోరువెచ్చటి నీళ్లు పోయడమే. లోపల సబ్బు పెట్టి రుద్దనక్కర్లేదు. తోలు కింద తెల్లగా, జున్నుముక్కలా చిన్న గడ్డ కనిపిస్తే చాలామంది చీము అనుకుని హడలిపోతారు. అది రాలిపోయిన కణాల ముద్ద. దాని దారి అదే చూసుకుని బయటికి వస్తుంది. ఉచ్చ పోసేటప్పుడు ముందోలు ఉబ్బడం కూడా అంతే. నొప్పి లేకుండా, ధార బాగానే వస్తుంటే, ఉబ్బు ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. పిల్లాడు తనంతట తాను వెనక్కి లాక్కోగలిగే వయసు వచ్చాక, స్నానంలో సున్నితంగా లాగి కడుక్కుని మళ్లీ ముందుకు తెచ్చుకోవాలని తండ్రి ఒక్కసారి చెబితే చాలు. ఆ ఒక్కసారి చెప్పడమే మన ఇళ్లలో జరగదు, అది వేరే సంగతి.

మరి పిల్లల్లో నిజంగా వైద్యం ఎప్పుడు కావాలి? ఇంగ్లండులోనే లివర్‌పూల్ డాక్టర్లు 1999లో లెక్కగట్టారు. పదిహేనో ఏడు నిండేలోపు వ్యాధి వల్ల వచ్చే అసలైన బిగుతు నూటికి ఒక్కరికి కూడా రాదు, 0.6 శాతమే. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. సహజమైన బిగుతు ఉన్నచోట తోలును నెమ్మదిగా వెనక్కి నెడితే చివర మెత్తగా, గులాబీ రంగులో మొగ్గ విచ్చుకున్నట్టు తెరుచుకుంటుంది. వ్యాధి ఉన్నచోట చివర తెల్లటి గట్టి వలయం కనిపిస్తుంది, తెరుచుకోదు. ఇదే సైనిక ప్రమాణాల్లో ఉన్న చర్మవ్యాధి. 1928లో జర్మన్ డాక్టరు ష్టూమర్ బాలనైటిస్ జెరోటికా ఆబ్లిటెరాన్స్ అని నోరు తిరగని పేరు పెట్టాడు. ఇప్పుడు లైకెన్ స్క్లెరోసస్ అంటున్నారు. ఐదేళ్ల లోపు అరుదు. ఇది ఉందని తేలితే పిల్లాడైనా, పెద్దాడైనా సాధారణంగా సున్తీయే వైద్యం. ఇది కాక, మాటిమాటికీ ఎర్రగా వాచి చీము పట్టడం, జ్వరంతో మూత్రంలో ఇన్ఫెక్షన్లు తిరగబెట్టడం, ఉచ్చ పోయడానికి ముక్కాల్సి రావడం ఉంటే పిల్లల సర్జన్‌కు చూపించాలి. మూత్రం కిడ్నీల వైపు ఎగదన్నే లోపం ఉన్న పిల్లల్లో కోతకు లాభం ఉంది. ఏ లోపమూ లేని పిల్లల్లో ఒక్క ఇన్ఫెక్షన్ తప్పించడానికి వంద మందికి పైగా కోయాల్సి వస్తుంది.

కోయకూడని సందర్భం ఒకటి తప్పకుండా తెలియాలి. మూత్రద్వారం కొసన కాక కింది వైపు ఉండే హైపోస్పాడియాస్ లోపంతో పుట్టిన పిల్లలకు, తర్వాత ఆ దారి సరిచేసేటప్పుడు సర్జన్‌కు ముందోలే పనికొచ్చే వస్త్రం. మతాచారం కోసమైనా, బిగుతు పేరుతోనైనా ముందే కోసేస్తే ఆ అవకాశం పోతుంది. రక్తం గడ్డకట్టని జబ్బు కుటుంబంలో ఉంటే అదీ ముందే చెప్పాలి.

కోతకు, ఊరుకోవడానికి నడుమ ఒక దారి ఉంది. దాన్ని మన దగ్గర తక్కువగా వాడతారు. పాత దారే నిజానికి. బిగుతును ‘నిరుద్ధప్రకశం’ అన్న సుశ్రుతుడు రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టాన్ని, లోహంతోనో కర్రతోనో లక్కతోనో చేసి, నెయ్యి పూసి లోపలికి పెట్టమన్నాడు. మూడు రోజులకోసారి ఇంకాస్త లావు గొట్టం మార్చమన్నాడు. అలా కుదరకపోతేనే కోత, అదీ మధ్యన ఉండే కుట్టులాంటి గీతను తప్పించి. నిదానంగా సాగదీయడం, చివరికి మాత్రమే కత్తి అనే ఆ క్రమం ఇవాళ్టి వైద్య పుస్తకాల్లో ఉన్నదే. గొట్టం స్థానంలో ఇప్పుడు స్టిరాయిడ్ ఆయింట్‌మెంటు వచ్చింది.

బీటామెథసోన్ లాంటి మందును పల్చగా, రోజుకు రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు, ఇరుకుగా ఉన్న ఆ వలయం మీదే రాయాలి. చాలామంది పైన తోలంతా పూసి ఊరుకుంటారు, ఫలితం రాలేదంటారు. నొప్పి పుట్టనంత మేరకు వెనక్కి తీసి, బిగుతుగా తగిలేచోట రాసి, మళ్లీ ముందుకు తెచ్చుకోవాలి. వారం, రెండు వారాల తర్వాత తోలు మెత్తబడుతున్న కొద్దీ రోజూ మెల్లగా సాగదీయడం మొదలుపెట్టాలి. 2014లో ప్రచురితమైన కొక్రేన్ సమీక్ష 12 పరిశోధనల్లోని 1,395 మంది పిల్లల్ని కలిపి చూసి, ఈ మందు ఏమీ లేని పూతకన్నా స్పష్టంగా మెరుగని చెప్పింది. విడివిడి పరిశోధనల్లో మూడింట రెండు వంతుల నుంచి తొంభై శాతం దాకా గుణం కనిపించింది. మానేశాక కొందరికి మళ్లీ బిగుసుకుంటుంది, మరోసారి వాడవచ్చు. తెల్లటి మచ్చ ముదిరినచోట మాత్రం దీని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఇక్కడే మన వీధి చివర మందుల షాపు అడ్డం వస్తుంది. కౌంటర్ దగ్గర మిగతావాళ్లు పోయేదాకా తచ్చాడి, అప్పుడు గొంతు తగ్గించి “అన్నా, కింద చర్మం బిగుసుకుపోయింది, దురద గూడ ఉంది, ఏదన్న ట్యూబు ఇయ్యి” అంటాడు కుర్రాడు. షాపతను తలెత్తకుండానే అర నుంచి ఒకటి తీసి, “పొద్దుగాల ఒకసారి, రాత్రి ఒకసారి రాయి తమ్మీ” అంటాడు. ఆ ట్యూబులో ఉండేది చాలాసార్లు మూడు మందుల కలగూరగంప: అన్నిటికన్నా బలమైన స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్. రెండు రోజుల్లో దురద తగ్గి మంత్రం వేసినట్టుంటుంది. నెలల తరబడి రాస్తే అక్కడి పల్చటి చర్మం కాగితంలా అవుతుంది, ఫంగస్ మొండికేస్తుంది. స్టిరాయిడ్ పూతల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. కౌంటర్ దగ్గర దానికి ఎంత విలువ ఉందో షాపుల్లో కొనేవాళ్లందరికీ తెలుసు. ఆయింట్‌మెంటు మంచి వైద్యమే, కానీ ఏ మందు, ఎంత బలం, ఎన్ని వారాలన్నది చూసి చెప్పాల్సిన పని డాక్టరుది.

పెద్దల దగ్గరికి వద్దాం. పద్దెనిమిది దాటిన తర్వాత కూడా తోలు వెనక్కి రాకపోతే, ఇబ్బంది ఏమీ లేకున్నా, ఒకసారి చూపించుకోవడం మేలు. అందరికీ కోత అక్కర్లేదు. ఆయింట్‌మెంటుతో వదులయ్యేవాళ్లు ఈ వయసులోనూ ఉన్నారు. కానీ మనవాళ్లలో ఈ సంగతి బయటపడేది చాలాసార్లు పెళ్లయ్యాకే. శోభనం రాత్రి నొప్పి, భయం, మర్నాడు మౌనం. కొందరికి అసలు బిగుతే ఉండదు. మణికి, తోలుకు మధ్య కింది వైపు ఉండే సన్నటి పట్టీ పొట్టిగా ఉండి చిరుగుతుంది, రక్తం చూసి బెంబేలెత్తుతారు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు నొక్కి పట్టుకుంటే మామూలుగా ఆగుతుంది. ఆగకపోతే, లేదా మళ్లీమళ్లీ చిరుగుతుంటే ఆ పట్టీని మాత్రమే సరిచేసే చిన్న ఆపరేషన్ ఉంది. దానికి తోలంతా తీయనక్కర్లేదు.

ఇలాంటి కుర్రాడు మొదట వెళ్లేది డాక్టరు దగ్గరికి కాదు, గోడ మీద చూసిన ఫోన్ నంబరు దగ్గరికి. ‘గుప్తరోగాలకు శాశ్వత పరిష్కారం’ అని జంటనగరాల గోడలు ఎప్పటి నుంచో హామీ ఇస్తున్నాయి. లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనల్ని నిషేధిస్తూ 1954లోనే కేంద్ర చట్టం వచ్చింది. చట్టం వయసు డెబ్బై దాటింది, గోడలు ఇంకా కొత్త సున్నంతో మెరుస్తున్నాయి. బిగుతుకూ, వీర్యానికీ, నరాల బలహీనతకూ ఏ సంబంధమూ లేదు. చూర్ణం మింగితే తోలు సాగదు. అయితే ఈ బిగుతుకు లేనిపోని జబ్బులు అంటగట్టడం ఒక్క మన నాటు వైద్యుల సొత్తేమీ కాదు. 1870లో న్యూయార్క్‌లో లూయిస్ సేయర్ అనే పేరున్న సర్జన్, కాళ్లు సరిగా నిలవని ఐదేళ్ల పిల్లాడికి సున్తీ చేసి పక్షవాతం నయమైందని ప్రకటించాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు అక్కడి డాక్టర్లు మూర్ఛ మొదలుకుని అన్నిటికీ ముందోలునే నేరస్థురాలిని చేశారు.

నడివయసులో వచ్చే బిగుతు ఇంకో రకం. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. యాభై ఏళ్లు మామూలుగా వెనక్కి వస్తున్న తోలు, ఈ మధ్యే రావడం మానేసింది. అంచున నిలువుగా సన్నటి పగుళ్లు, మంట, తెల్లటి పూత. ఇలా వచ్చిన మనిషికి ముందు రాయాల్సింది ఆయింట్‌మెంటు కాదు, షుగర్ పరీక్ష. మూత్రంలో చక్కెర పోతుంటే తోలు కింద ఫంగస్‌కు పండగ. వాపు, పగులు, మచ్చ, మళ్లీ వాపు. తనకు షుగర్ ఉందని కొందరికి మొదటిసారి తెలిసేది ఈ దారిలోనే. దేశంలో 10 కోట్లకు పైగా జనానికి షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ సర్వే అంచనా వేసింది. మన దగ్గర ఏ వీధిలోనూ షుగర్ లేని అపార్ట్‌మెంటు దొరకదు.

దీనికి ఈ ఐదారేళ్లలో ఇంకో సంగతి తోడైంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు రక్తంలో ఎక్కువైన చక్కెరను మూత్రం గుండా బయటికి పంపించి పనిచేస్తాయి. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మంచి మందులు. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు తీరాక మన కంపెనీలన్నీ తయారుచేయడం, ధర దిగడం, వాడకం విపరీతంగా పెరగడం వరుసగా జరిగాయి. మూత్రంలో చక్కెర ఉంటుంది కనుక, వాడేవాళ్లలో కొద్దిశాతం మగవాళ్లకు ముందోలు కింద ఫంగస్ ఇన్ఫెక్షన్లు, అవి తిరగబెట్టి బిగుతు రావడం తెలిసిన దుష్ఫలితాలే. మాత్ర రాసిన డాక్టరు ‘మూత్రం పోసిన తర్వాత నీళ్లతో కడుక్కోండి, దురదొస్తే చెప్పండి’ అని ఒక్క మాట అనాలి. రద్దీలో అది జారిపోతుంది. మాత్ర మీరే మానేయకండి. రాసిన డాక్టరుకు కింద ఏం జరుగుతోందో చెప్పండి. అక్కడ దురదగా ఉందని ఫిజీషియన్‌కు చెప్పడానికి సిగ్గేమిటో నాకు అర్థం కాదు గానీ, అరవై ఏళ్ల పెద్దమనిషి భార్యను బయటికి పంపి మరీ ఆ మాట చెప్పడం మామూలే.

సిగ్గుపడటానికి వీల్లేని సంగతి మరొకటి. ముందోలు కింద పురుషాంగ క్యాన్సర్ మొలకెత్తవచ్చు. బిగుతు, పొగతాగడం, హెచ్‌పీవీ వైరస్ దానికి తోడ్పడే కారణాలు. మొత్తం మీద అరుదైన జబ్బే. కానీ తోలు వెనక్కి రాకపోతే లోపలి పుండు కనబడదు. దుర్వాసన, రక్తపు చుక్కలు, తోలు మీద నుంచి చేతికి తగిలే గట్టి గడ్డ, గజ్జల్లో బిళ్లలు ఉంటే ఒక్క వారం కూడా ఆగకూడదు. తొందరగా పట్టుకుంటే అంగాన్ని చాలావరకు కాపాడవచ్చు. ట్యూబులు మార్చుకుంటూ ఏడాది గడిపేస్తే కుదరదు.

ఇన్నింటిలోకీ నిజంగా అత్యవసరమైనది ఒక్కటే. వెనక్కి లాగిన తోలు మణి వెనక చిక్కుకుని ముందుకు రాకపోవడం. పారాఫైమోసిస్ అంటారు. కొద్దిసేపట్లోనే మణి ఉబ్బుతుంది, ఉబ్బిన కొద్దీ పట్టు బిగుస్తుంది, గంటలు గడిస్తే రక్తప్రసరణ ఆగి నల్లబడే ప్రమాదం. సుశ్రుతుడు దీన్నీ ‘పరివర్తిక’ అని విడిగా గుర్తించి, నెయ్యి రాసి, కాపడం పెట్టి, మణిని నొక్కుతూ తోలును మెల్లగా ముందుకు తేవాలన్నాడు. ఇవాళ క్యాజువాలిటీలో చేసేదీ దాదాపు అదే. మణిని చేత్తో కొన్ని నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకుని వాపు దింపుతారు. కొన్నిచోట్ల పంచదార పట్టించి నీరు లాగేస్తారు. కుదరకపోతే మత్తిచ్చి పైన చిన్న గాటు పెడతారు. అర్ధరాత్రయినా వెళ్లాల్సిందే. కార్ఖానా నుంచైతే ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి దూరమేం కాదు. ఇది ఇంట్లోనే కాదు, ఆసుపత్రిలోనూ జరుగుతుంది. మంచాన పడ్డ పెద్దాయనకు మూత్రపు గొట్టం వేసి, లాగిన తోలును మళ్లీ ముందుకు తేవడం మరిచిపోతారు. గొట్టంతో ఇంటికి తెచ్చిన నాన్నకు ఒళ్లు తుడిచే కొడుకు రోజూ ఒకసారి అది చూడాలి.

చివరికి కోతే గతి అయినప్పుడు మన ఇళ్లలో మొదటి ప్రశ్న నొప్పి గురించి రాదు. “మనోళ్లల్ల ఇది చేయించరు గదా సార్?” అని వస్తుంది. సున్తీ అంటే ముస్లింల ఆచారం అనే గుర్తు హిందూ ఇళ్లలో అంత బలంగా ఉంది. పక్కపక్క ఇళ్లలో ఉంటూ, ఒకరి పండక్కి ఇంకొకరు సేమ్యా తింటూ కూడా ఈ ఒక్కచోట గోడ కనబడుతుంది. ముస్లిం ఇళ్లలో పిల్లలకు చిన్నప్పుడే ఖత్నా అయిపోతుంది కాబట్టి ఈ జబ్బుతో వాళ్లు పెద్దగా రారు. అదొక్కటే తేడా. ఆపరేషన్ మనిషి కులాన్నీ మతాన్నీ మార్చదు. అయినా అంతా తీయించుకోవడం ఇష్టం లేనివాళ్లకు మచ్చ లేని బిగుతులో తోలును ఉంచుతూనే ఇరుకును మాత్రం నిలువుగా కోసి అడ్డంగా కుట్టి వదులు చేసే పద్ధతి ఉంది. అడిగితే చెబుతారు. తెల్ల మచ్చ వ్యాధి ఉంటే మాత్రం అది పనికిరాదు, తోలంతా తీయాల్సిందే.

ఇప్పుడు ప్రతి బోర్డు మీదా ‘లేజర్ సున్తీ’ అని ఉంటోంది. లోపల వాడేది స్టేప్లర్ కావచ్చు, కరెంటు కత్తి కావచ్చు, మామూలు బ్లేడు కావచ్చు. అన్నింటితోనూ మంచి పని జరుగుతుంది, చెడ్డ పనీ జరుగుతుంది. అడగాల్సింది యంత్రం పేరు కాదు, చేసే మనిషి యూరాలజిస్టా, సర్జనా, ఏడాదికి ఎన్ని చేస్తారు, రాత్రి రక్తం కారితే ఎవరికి ఫోన్ చేయాలి అని. పెద్దవాళ్లకు అంగం మొదట్లో మత్తు సూది వేసి చేసేస్తారు, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. పిల్లలకు పూర్తి మత్తు కావాలి. అందుకే వాళ్లకు మత్తు డాక్టరున్న ఆసుపత్రే సరైన చోటు. నీలోఫర్, గాంధీ లాంటి సర్కారు ఆసుపత్రుల్లో పిల్లల సర్జరీ విభాగాలున్నాయి. కుట్లు రెండు, మూడు వారాల్లో వాటంతటవే కరిగిపోతాయి. వాపు, కొత్తగా బయటపడ్డ మణికి బట్ట తగిలితే జివ్వుమనడం కొన్నాళ్లుంటాయి. సంసారానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. మూడో వారంలోనే బాగైపోయిందనుకుని కుట్లు తెంచుకుని వచ్చే కొత్త పెళ్లికొడుకుల్ని చూసి సర్జన్లు నవ్వలేక తిట్టలేక కుడతారు.

తీసిన తోలు తెల్లగా, గట్టిగా ఉంటే చెత్తబుట్టలో వేయనివ్వకండి, పరీక్షకు పంపమని అడగండి. లైకెన్ స్క్లెరోసస్ అని తేలితే సున్తీతో కథ ముగిసినట్టు కాదు. కొందరిలో అది మూత్రద్వారాన్ని, లోపలి నాళాన్ని కూడా సన్నబరుస్తుంది. ఆపరేషనై ఆరు నెలలకో, రెండేళ్లకో ధార సన్నబడినా, రెండు పాయలుగా చీలినా, ముక్కి పోయాల్సి వచ్చినా, పాత చీటీ పట్టుకుని ఆ యూరాలజిస్టు దగ్గరికే మళ్లీ వెళ్లాలి.